చేదుగా ఉందా?

నిజం పామును నేను ఇంతవరకూ చేత్తో తాకలేదు. చూసినవే రెండో మూడో, అవీ అద్దం వెనకాల. అయినా నలభై అడుగుల కట్లపామును పుట్టించింది నేనే. దాని నల్లటి ఒంటి మీద ఎన్ని తెల్లపట్టెలు ఉండాలో, అది పైకి పాకితే కొమ్మలు ఎంత వంగాలో, కోర దిగాక మనిషికి ఎన్ని సెకన్లలో కనురెప్పలు బరువెక్కాలో, అన్నీ మంగళగిరిలో ఒక చీరల దుకాణం పై అంతస్తులో కూర్చుని నేనే తేల్చాను. కింద అమ్మకాల హడావుడి, పైన మా పాముల బుసలు. మెట్ల మీద ఆ చప్పుడు విని దుకాణం వాళ్ళు మొదటి వారం రెండుసార్లు కర్రలు పట్టుకుని వచ్చారు కూడా.

ఆట పేరు నల్లలంక. ఒక లంక, దాని నిండా అడవి, ఆ అడవిలో మహాసర్పాలు. ఆడేవాళ్ళు అక్కడ ఊరు కట్టుకోవాలి, పంట పండించుకోవాలి, పాముల బారిన పడకుండా జనాన్ని కాపాడుకోవాలి. ఇలాంటి ఆటలు బజారులో బోలెడు. మాది వాటిలో కలిసిపోకుండా నిలబెట్టింది రెహానా తయారు చేసిన మెడపట్టీ.

రెహానా గుంటూరు అమ్మాయి. నరాల వైద్యం చదివి, రోగుల కంటే తీగలే నయమనుకుని మా దగ్గరికి వచ్చింది. ఆమె చేసిన పట్టీ రెండు వేళ్ళ వెడల్పుతో మెత్తగా ఉంటుంది. మెడ దగ్గర నరాలను సన్నటి కరెంటుతో తాకి, నోట్లో లేని రుచిని పుట్టిస్తుంది, వేళ్ళకు తిమ్మిరెక్కిస్తుంది. తెర మీద పాము కరిస్తే ఒంట్లో తెలుస్తుంది. మొదటిసారి దాన్ని పెట్టుకున్న రోజున నేను కుర్చీ తన్నేసి మెట్ల దాకా పరిగెత్తాను. మా యజమాని లక్ష్మీపతి గారు నన్ను చూసి భయపడాల్సింది పోయి మురిసిపోయారు. ఈ పట్టీ అమ్ముడుపోతుందన్నారు.

పాములు నిజంగా ఎలా మసలుతాయో చెప్పడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. అలా వచ్చాడు మానికల పోలయ్య. నిజాంపట్నం వైపు కాలవగట్టు మీద యానాదుల గూడెం ఆయనది. చేలల్లో ఎలకల బొరియలు తవ్వడం, ఇళ్ళల్లో దూరిన పాములను పట్టి దూరంగా వదిలి రావడం ఆయన పని. యాభై ఐదేళ్ళుంటాయి. గళ్ళ లుంగీ మీద తెల్ల చొక్కా, దాని జేబులో బీడీకట్ట. ఏ గదిలోకి వచ్చినా ముందు గోడకు చెవి ఆనించి, తర్వాత కూర్చునేవాడు. అది చూసి మేము నవ్వుకునేవాళ్ళం.

మూడు రోజులు ఆయన్ను రికార్డు చేశాం. పన్నెండు కెమెరాలు పెట్టాం, మైకు మాత్రం ఒక్కటే. పాములు పట్టేవాడి గొప్పంతా కంట్లోనూ చేతుల్లోనూ ఉంటుందని నేను తేల్చేసుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం, కాటు పడితే ఏం చేస్తారని అడిగాను. ఆయన చెప్పాడు. ఆస్పత్రికి తీసుకుపోతూ, దారిలో వేపాకు నమిలిస్తారట. పది అడుగులకోసారి 'చేదుగా ఉందా' అని అడుగుతారట. చేదు తెలియకపోతే, అన్నాను. విషం ఎక్కిందంటారు జనం, అన్నాడు.

నాకు కావలసింది దొరికింది. ఇంత చక్కటి ఆట నియమం నేను ఏడాది కూర్చున్నా తట్టేది కాదు. మైకు ఆపేశాను. ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. అప్పటికి నా తలలో తెరలు తెరలుగా ఆట నడిచిపోతోంది. మంచి ఆకలి మీదున్నాను కూడా. 'భోజనం చల్లారిపోతుంది పోలయ్య గారూ, మిగతాది తర్వాత మాట్లాడదాం' అన్నాను. ఆయన నోరు మూసుకుని లేచాడు. నేనన్న ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు.

నియమం అలా పుట్టింది. నల్లలంకలో పాము కరిస్తే చెట్టు నుంచి వేపాకు తెంచి నమలాలి. పట్టీ నాలుక మీద చేదు పుట్టిస్తే అది పొడికాటు, విషం లేదు, ఆట సాగుతుంది. రుచేమీ తెలియకపోతే తొంభై సెకన్లలో వైద్యుడి గుడిసెకు చేరాలి. ఆ వైద్యుడి బొమ్మకు పోలయ్య నడకా, చేతుల తీరూ పెట్టాం. ఆ రోజు కెమెరాల్లో పడిన ఒక కదలిక నాకు బాగా నచ్చింది. చూపుడు వేలితో ముందు నాలుక చివర, ఆ తర్వాత చెవి తాకడం. ఎందుకు తాకాడో తెలియదు గాని చూడటానికి ముచ్చటగా ఉంది. వైద్యుడి బొమ్మ వచ్చినప్పుడల్లా అలా చేసేట్టు పెట్టేశాను.

ఇక అంకమ్మ సంగతి. ఆమె పోలయ్య కూతురు, ఇరవై ఏళ్ళది. ఆరేళ్ళప్పుడు హాస్టల్లో చేరి, ఇంటర్ దాకా అక్కడే చదివి, ఆ గూడెంలో అంత చదివిన మొదటి పిల్ల అయింది. తండ్రిని దింపడానికి వచ్చి, తెర మీద పామును చూసి అక్కడే ఆగిపోయింది. ఆట ఎలా ఉందో ఆడి చూసి చెప్పేవాళ్ళు మాకు కావాలి. ఆమెకు ఉద్యోగం కావాలి. ఎనిమిది నెలల్లో అంకమ్మ నాలుగు వేల సార్లు పాము కాటు తింది. మొదట నన్ను మేడమ్ అనేది, తర్వాత అక్కా అంది. నాకు తోబుట్టువులు లేరు. ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మొదటి వారం మాకు పెద్ద చిక్కొచ్చింది. కాటు పడగానే అంకమ్మ గుండె నూట యాభై దాటేది. పట్టీ పీకేసి వణుకుతూ కూర్చునేది. ఇంత భయపడితే ఎవరూ రెండోసారి ఆడరు. అప్పుడు రెహానా ఒక ఉపాయం చెప్పింది. మెడలోనే గుండెను నెమ్మదింపజేసే నరం ఒకటి ఉంది. చేదు తెలిసిన వెంటనే పట్టీ దాన్ని తాకుతుంది. పొడికాటేనన్న కబురు ఒంటికి కూడా అందుతుంది. పెట్టి చూశాం. చేదు తగలగానే అంకమ్మ భుజాలు కిందికి జారాయి, మొహం విచ్చుకుంది. కాసేపటికి, ఇంకోసారి కరిపించమంది.

ఒక నెల తర్వాత రెహానా సరదాకి కాదు, అనుమానంతో ఇంకో పని చేసింది. పట్టీ తీసేసి, కింద వీధిలో చెట్టు నుంచి తెచ్చిన నిజమైన వేపాకు అంకమ్మ చేతికిచ్చింది. వేలికి గుండె కొలిచే క్లిప్పు తగిలించింది. అంకమ్మ ఆకు నమిలి మొహం చిట్లించింది. తొంభై ఆరు నుంచి అరవై ఎనిమిదికి పడింది గుండె. కరెంటు లేదు, ఆట లేదు, ఉత్త ఆకు. గదిలో అందరం చప్పట్లు కొట్టాం.

రెహానా కొట్టలేదు. క్లిప్పును చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. వేప చేదుకు నెమ్మదించమని మనం ఒంటికి నేర్పేశామనీ, నేర్పడం తెలుసు గాని మరిపించడం మనకు తెలియదనీ, ఇది ఆపితే మంచిదనీ నాతో విడిగా అంది. నేను ఎగతాళి చేశాను. జనం రోజూ వేపపుల్లతో పళ్ళు తోముకుంటారు, కాస్త హాయిగా తోముకుంటారు, అంతేగా అన్నాను. నేను పెద్దదాన్ని, నియమం నాది. రెహానా ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని తను ఇప్పటికీ క్షమించుకోలేదు, నా ఎగతాళిని నేనూ క్షమించుకోలేదు.

ఆట విడుదలయ్యాక ఒక ఆదివారం అంకమ్మ నన్ను గూడేనికి తీసుకుపోయింది. వాళ్ళమ్మ రాగమ్మ రేవులో చేపలు ఎండబెట్టే పనికి పోయి, నా కోసం ముందుగానే తిరిగొచ్చింది. ఎండుచేపల పులుసు, వేడన్నం పెట్టింది. తిన్నాక పోలయ్యతో చేలోకి వెళ్ళాం. ఆయన బొరియ ముందు మోకాళ్ళ మీద వంగి, చెంప నేలకు ఆనించి, చాలాసేపు కదలకుండా ఉన్నాడు. లోపల ఎలక కాదు, పాముందన్నాడు. ఊపిరి తేడా అట. ఆ బొరియను వదిలేసి ముందుకు సాగాడు.

అంకమ్మకు నవ్వొచ్చింది. కాటు పడితే ఏం చెయ్యాలో, ఏ పాము ఎలా లేస్తుందో, ఆట చూపించి తండ్రికే పాఠం చెప్పింది. హాస్టల్లో పెరిగిన పిల్ల, తండ్రి విద్య తండ్రి దగ్గర నేర్చుకోలేదు. మా దగ్గర నేర్చుకుంది. పోలయ్య బీడీ వెలిగించుకుంటూ అంతా విని, మా పిల్ల నన్ను మించిపోయిందని నాతో గర్వంగా చెప్పాడు. నేనూ గర్వపడ్డాను.

అప్పటికి ఎనభై వేల పట్టీలు అమ్ముడుపోయాయి.

రెండో భాగం కోసం పోలయ్యను మళ్ళీ పిలిపించాం. ముందురోజే వచ్చి మా ఆఫీసులోనే పడుకున్నాడు. పొద్దున్నే అయితేనే గొంతు బాగుంటుందని ఆయన మాట. అందుకని నేనూ రెహానా ఆరున్నరకల్లా చేరుకున్నాం. అంకమ్మ సెలవు పెట్టి గూడెంలో ఉంది. పోలయ్య మెట్ల దగ్గర బీడీ కాలుస్తున్నాడు. నేను మైకు సరిచేస్తుంటే నా ఫోను మోగింది. అంకమ్మ.

"అక్కా, నిజం పామే కరిసింది," అంది నవ్వుతూ.

మైకు వదిలేసి, ఎక్కడ, ఎప్పుడు అని అడిగాను. ఆమె మాత్రం తాపీగా చెప్పుకుంటూ పోయింది. తెల్లవారుజామున చాప మీద పడుకుని ఉంటే చిటికెన వేలికి చీమ కుట్టినట్టయిందట. సెల్లు వెలుతురు వేసి చూస్తే, ట్రంకుపెట్టె కిందికి పోతూ కట్లపాము కనబడిందట. నొప్పి లేదు, వాపు లేదు. అమ్మ అప్పటికే రేవుకు వెళ్ళిపోయింది. తను దొడ్లోకి పోయి వేపాకు నమిలింది. చేదుగానే ఉంది. ఒళ్ళంతా హాయిగా అనిపించింది. వచ్చి పడుకుని ఇప్పుడే లేచింది.

"మన ఆట పనికొచ్చిందక్కా," అంది. "పొడికాటే."

నేను సంతోషించాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కాని నిజం. గుండె కుదుటపడిన మరుక్షణమే ఈ మాటలు ఎంత బాగా పనికొస్తాయో తట్టింది. నల్లలంక ఒక నిజమైన ప్రాణానికి ధైర్యం చెప్పింది. ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేట్టు గొంతు పెంచి, మైకు దగ్గరికి జరిపి, మళ్ళీ మొదటి నుంచీ చెప్పమన్నాను. రెహానా ఎదురుగా కూర్చుని ఉంది. ఆమె మొహం ఎందుకు తెల్లబోయిందో నాకు అర్థం కాలేదు.

అంకమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. రెండో మాటకే పోలయ్య లోపలికొచ్చాడు. బీడీ ఇంకా వేళ్ళ మధ్యే ఉంది. ఆయన ఏం జరిగిందని అడగలేదు. బల్ల మీదికి వంగి, బొరియకు ఆనించినట్టే ఫోనుకు చెవి ఆనించాడు.

"అమ్మాయ్. చేదుగా ఉందా?"

"ఉందని చెప్తన్నాగా నాన్నా."

"ఇంకోసారి చెప్పు."

"ఉంది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచినప్పుడు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"నాలిక మందమైందమ్మా. పిల్లకి ఇసం ఎక్కింది."

చేదు తెలుస్తోందిగా పోలయ్య గారూ, అన్నాను. చిన్నపిల్లలకు నేర్పేదానిలా అన్నాను. యాభై ఏళ్ళుగా పాములతో బతికిన మనిషికి, అద్దం వెనక పాముల్ని చూసిన నేను చెప్పాను.

"చేదెవురిక్కావాలమ్మా," అన్నాడు. "మాట ఎట్టొస్తందో ఇనటానికి అడుగుతాం. ఆకు నమిల్తే నాలిక కదులుద్ది, పదిమాట్లు అడిగితే తేడా తెలుస్తది. ఏం చెప్పిందని కాదు, ఎట్టా చెప్పిందని. ఆ రోజే చెప్పాగా నీకు."

చెప్పాడు. మైకు ఆపేశాక చెప్పాడు. నాలుక చివర, ఆ తర్వాత చెవి. మైకు ఆగింది గాని కెమెరాలు ఆగలేదు. ఆయన చెప్పిందంతా ఆ వేలి కదలికలో ఉంది. దాన్ని నేను అందం కోసం ఒక బొమ్మకు తొడిగి ఎనభై వేల మందికి చూపించాను.

పోలయ్య ఒక్క క్షణం ఆగలేదు. చదువు రాని మనిషి, గూడెంలో నంబర్లన్నీ నోటికొచ్చు. ఆటో నడిపే మస్తాన్‌ నంబరు చెబితే రెహానా తన ఫోనులో కొట్టింది. మస్తాన్‌ ఇల్లు వాళ్ళ గుడిసెకు నాలుగిళ్ళ అవతల. వెంటనే వస్తానన్నాడు. ఇటు ఫోనులో అంకమ్మ రానంటోంది.

"నీకు తెల్దు నాన్నా. చేదు తెలిస్తే ఏం కాదు. నిద్దరొస్తంది. హాయిగా ఉంది."

"ఆ హాయి విషానిది కాదు హైమా," అంది రెహానా నా వైపు తిరిగి. "అది మనది."

నిజమే. పాముకాటు తిన్న ఏ మనిషికైనా గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, ఇంటిల్లిపాదినీ లేపుతుంది. ఆ భయమే కాళ్ళను ఆస్పత్రి వైపు నడిపిస్తుంది. ఆ భయాన్ని మేము నెల రోజులు కష్టపడి తీసేశాం. చప్పట్లు కొట్టాం.

నేను కారు తీశాను. వెనక సీట్లో పోలయ్య, ఆయన చేతిలో నా ఫోను. పక్కన రెహానా, ఇంకో ఫోనులో రేపల్లెలో ఆస్పత్రివాళ్ళతో మాట్లాడుతూ. కట్లపాము కాటు, రెండు గంటలు దాటింది, మాట ముద్దయింది, ఊపిరి యంత్రం సిద్ధంగా ఉంచండి అని చెప్పింది. గూడెం నుంచి ఆస్పత్రికి పద్నాలుగు కిలోమీటర్లు. మా నుంచి గంటన్నర. మేము చేసేదేమీ లేదు, వినడం తప్ప.

మస్తాన్‌ ఆమెను బలవంతంగా ఆటోలోకి ఎక్కించాడు. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టమన్నాడు పోలయ్య. ఇక అడగడం మొదలుపెట్టాడు. పది అడుగులకోసారి అడిగే మనిషి ఊపిరి ఊపిరికీ అడిగాడు. చేదుగా ఉందా. ఉంది. చేదుగా ఉందా. ఉం. రోడ్డు మీద ఏమున్నాయో నాకు గుర్తులేదు. జవాబులు మాత్రం గుర్తున్నాయి. అక్షరాలు ఒక్కొక్కటే రాలిపోయి, చివరికి ముక్కుతో చేసే మూలుగు మిగిలింది. తర్వాత అదీ ఆగిపోయి ఆటో చప్పుడే వినిపించింది.

కళ్ళు మూతలు పడ్డాయి మామా, అని మస్తాన్‌ అరిచాడు. చెయ్యి నొక్కితే వేలు కాస్త కదులుతోందట. పోలయ్య అడగడం ఆపలేదు. గొంతు పెంచలేదు, ఏడవలేదు. చేలో కూతుర్ని నడిపిస్తూ తీసుకుపోతున్నవాడిలా అదే ప్రశ్న అదే గొంతుతో అడుగుతూనే ఉన్నాడు. నేను స్టీరింగు పట్టుకుని ఏడ్చాను. ఎవరో తలుపులు తోసిన చప్పుడు, చక్రాల మంచం చప్పుడు. లోపలికి తీసుకుపోయారన్నాడు మస్తాన్‌. పోలయ్య అప్పుడు కూడా ఇంకోసారి అడిగి, ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు.

మేము చేరేసరికి అంకమ్మ గొంతులో గొట్టం ఉంది. యంత్రం ఊపిరి పోస్తోంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే తామేమీ చేయగలిగేవాళ్ళం కాదని డాక్టరు చెప్పాడు. విరుగుడు మందు ఎక్కించామనీ, కట్లపాము విషం అంత తేలిగ్గా వదలదనీ, రోజులు పడుతుందనీ అన్నాడు. రాగమ్మ రేవు నుంచి చేపల వాసనతోనే పరుగెత్తుకొచ్చి, గోడకు జారబడి కూర్చుంది. నన్ను చూసి, నువ్వు ఉన్నావు గదమ్మా, ఇక భయం లేదంది. నేను బయటికి పోయాను.

లక్ష్మీపతి గారికి ఫోను చేసి, ఆటను ఆపేయమన్నాను. ఆయన ఎదురు మాట చెప్పకుండా ఆ సాయంత్రానికల్లా ఆపించారు. ఆట తెరిస్తే ఒక ప్రకటన కనబడేట్టు చేశాం. పాము కరిస్తే వేపాకును నమ్మవద్దు, ఆస్పత్రికి పరుగెత్తండి అని. చదివినవాళ్ళు కొందరే. ఆట పనిచెయ్యట్లేదని తిట్టినవాళ్ళు వేలమంది.

మూడు రోజులు పోలయ్య ఆ వార్డు కిటికీ దగ్గరే ఉన్నాడు. లోపలికి పంపినప్పుడల్లా మంచం పక్కన వంగి అదే అడిగేవాడు. నర్సులు మొదట వింతగా చూశారు, తర్వాత అలవాటుపడ్డారు. కళ్ళు తెరవదు, వేలు ఎత్తదు, ఎవరికి వినబడుతుందని నేను అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున గొట్టం తీశారు. అంకమ్మ గొంతు గీరుకుపోయి ఉంది.

"అంతా ఇనపడతానే ఉంది నాన్నా," అంది. "నువ్వు అడుగుతానే ఉన్నావ్. నేను చెప్తానే ఉన్నా. బయటికి రాలా."

పోలయ్య అప్పుడు ఏడ్చాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేట్టు ఏడ్చాడు. నేను మంచం అటువైపు నిలబడి, ఆమె కాళ్ళు పట్టుకుందామనుకుని, ఏ మొహంతో పట్టుకోవాలో తెలియక దుప్పటి సర్దాను. అంకమ్మ నన్ను ఏమీ అనలేదు. అక్కా, పెట్టె కింద పాము ఇంకా ఉందేమో చూడమను అంది, అంతే.

అంతటితో గండం గడిచిందనుకున్నాం.

మధ్యాహ్నం నర్సు ఒక మాత్ర పొడి చేసి నీళ్ళలో కలిపి తాగించింది. బాగా చేదు మాత్ర. అంకమ్మ మొహం చిట్లించింది. మరుక్షణం ఆమె భుజాలు కిందికి జారాయి. మంచం పక్కన యంత్రంలో ఎనభై ఎనిమిది ఉన్న అంకె డెబ్బై అయింది, అరవై అయింది, యాభై రెండు దగ్గర అలారం మోగింది. నర్సు పరుగెత్తింది, డాక్టరు వచ్చాడు. విషం తిరగబెట్టిందని హడావుడి. అంకమ్మ సగం మూసుకున్న కళ్ళతో నవ్వుతోంది.

"హాయిగా ఉందక్కా," అంది.

రెహానా నా చెయ్యి పట్టుకుంది. ఇది విషం కాదని డాక్టరుకు చెప్పడానికి, మెడపట్టీ దగ్గర మొదలుపెట్టి ఇద్దరం అంతా చెప్పాం. ఆటను ఆపేశాం. ఒంటిని ఆపలేం. ఇది ఎన్నాళ్ళుంటుందో రెహానాకు తెలియదు. ఎవరికీ తెలియదు.

వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. పోలయ్య పక్కనే కూర్చుని బీడీకట్ట చేతిలో తిప్పుతున్నాడు. ఏం చెయ్యాలో తోచక ఫోను తీశాను. ఆట ఆపేసినా, ఆడినవాళ్ళు అభిప్రాయాలు రాసే పేజీ తెరిచే ఉంది. నిండా తిట్లే. నాకు ఆ తిట్లు కావాలనిపించింది. ఒక్కొక్కటే చదువుతూ పోయాను. అన్నిటికంటే పైన, పన్నెండు నిమిషాల కిందట వచ్చినది ఒకటి ఉంది. ఐదు స్టార్లు ఇచ్చారు.

'మంచి ఆట. ఎందుకు ఆపేశారో తెలియదు. ఈ రోజు కల్లంలో గడ్డి లాగుతుంటే మా ఆయనకు ఏదో కుట్టింది. మేమిద్దరం రోజూ ఆడేవాళ్ళం కాబట్టి కంగారు పడలేదు. వేపాకు నమిలారు. చేదుగానే ఉందట. ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నారు. మీకు కృతజ్ఞతలు.'

ఊరి పేరు లేదు. ఫోను నంబరు లేదు. రాసిన మనిషి పేరు ఉండాల్సిన చోట ఒక పువ్వు బొమ్మ ఉంది. నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. ఏమైందమ్మా అని అడిగాడు పోలయ్య. చదివి వినిపించాను. ఆయన చేతిలోంచి బీడీకట్ట జారింది.

"లేపమను," అన్నాడు. "ముందు లేపమను. లేపి అడగమను. మాట ఎట్టొస్తందో ఇనమను."

ఆ పువ్వు బొమ్మ కింద జవాబు రాసే చోట రాశాను. ఆయన్ను వెంటనే లేపండి. చేదుగా ఉందా అని అడగండి. ఏం చెప్పారో వదిలేయండి, ఎలా చెప్పారో వినండి. ఎలా చెప్పినా సరే బండెక్కించి ఆస్పత్రికి తీసుకుపోండి. మీరు ఎక్కడున్నారో చెప్పండి. పంపాను. రెహానా నా కేక విని లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి, తెర చూసి, లక్ష్మీపతి గారికి ఫోను చేసి, ఆ మనిషి ఎవరో కనుక్కోమని అరుస్తోంది. పోలయ్య నా భుజం మీదుగా తెర వైపు చూస్తున్నాడు. అక్షరాలు రాని మనిషి, ఏదైనా కదులుతుందేమోనని చూస్తున్నాడు.

"ఏమన్నారు?"

"ఇంకా ఏమీ అనలేదు."

"అడుగుతానే ఉండు," అన్నాడు. "ఆపమాక."

చేదుగా ఉందా, అని రాశాను. పంపాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను.